రూమ్ కరెక్షన్ చేశాక గ్రాఫ్ చదునైంది, పాట మాత్రం పాడైంది: ఎక్కడ తేడా కొడుతోంది?

కొత్తచెవి:

గది వల్ల శబ్దంలో వచ్చే హెచ్చుతగ్గుల్ని మైకుతో కొలిచి ఫిల్టర్లతో సరిచేసే రూమ్ కరెక్షన్ చేశాను, ఫలితం బాగాలేదు. గది లోపలి కొలతలు: పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 3.4, ఎత్తు 2.9. ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, 3.4 మీటర్ల గోడ వైపు స్టాండ్ల మీద ఉన్నాయి. స్పీకర్ ముందు ముఖం నుంచి దాని వెనక గోడకి 60 సెం.మీ., పక్క గోడకి కూడా 60. బాక్స్ లోతు 28 సెం.మీ., పోర్టు (బేస్ కోసం పెట్టిన గాలి రంధ్రం) వెనక వైపు. సోఫా ఎదుటి గోడకి ఆనించి ఉంది, కూర్చుంటే తలకీ గోడకీ మధ్య 30 సెం.మీ. సబ్‌వూఫర్ లేదు. విండోస్ కంప్యూటర్, యూఎస్‌బీ డ్యాక్ (డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే పెట్టె), కొలతకి యూమిక్-1 మైకు, ఆర్‌ఈడబ్ల్యూ ప్రోగ్రాం, ఫిల్టర్లు నడపడానికి ఈక్వలైజర్ ఏపీఓ.

సోఫాలో తల ఉండే చోట మైకు పెట్టి, రెండు స్పీకర్లూ కలిపి ఒక స్వీప్ (కింది నుంచి పై స్వరాల దాకా పాకే పరీక్ష శబ్దం) తీశాను. 41 హెర్ట్జ్ దగ్గర +9 డీబీ, 82 దగ్గర +7. 143 దగ్గర 12 డీబీ గుంట, 286 దగ్గర అంతకంటే చిన్న గుంట. ఆర్‌ఈడబ్ల్యూ ఆటో ఈక్యూలో (ఫిల్టర్లని తనే లెక్కగట్టే భాగం) బూస్ట్ పరిమితి 9 డీబీకి పెంచి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా చదునైన టార్గెట్ (రావలసిన గీత) పెడితే 17 ఫిల్టర్లు ఇచ్చింది. వాటిలో 143 దగ్గరిది +9.

సందేహాలు:

1. గ్రాఫ్ చదునుగా ఉన్నా పై స్వరాలు చెవిలో గుచ్చుతున్నాయి, పాటలో ఒళ్ళు లేదు. ఎందుకు?
2. వాల్యూమ్ ఎంత తక్కువలో ఉన్నా కొన్ని పాటల్లో చిరుగు శబ్దం వస్తోంది. కరెక్షన్ తీసేస్తే రాదు.
3. బ్రౌజర్‌లో కరెక్షన్ పనిచేస్తోంది, మ్యూజిక్ ప్లేయర్‌లో పనిచెయ్యట్లేదు.
4. ఇవన్నీ వదిలేసి ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్లకి (పాటని పొడవాటి అంకెల వరసతో సరిచేసేవి) వెళ్తే మేలా?

మంద్రస్థాయి:

మీరిచ్చిన నాలుగు పౌనఃపున్యాలకీ జవాబు మీ టేపు కొలతల్లోనే ఉందండీ.

ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య మొదటి మోడ్ (ఆ గోడల మధ్య శబ్దం నిలబడి మోగే పౌనఃపున్యం) కావాలంటే 343ని దూరానికి రెట్టింపుతో భాగించాలి. 4.2 మీటర్లకి 40.8 హెర్ట్జ్, దాని రెట్టింపు 81.7. మీ రెండు పీకులూ అవే. గోడ దగ్గర పొడవు మోడ్లన్నిటికీ ఒత్తిడి గరిష్ఠం, మీ తల ఉన్నదీ అక్కడే. వెడల్పుకి రావలసిన 50 హెర్ట్జ్ మీ గ్రాఫ్‌లో ఎందుకు లేదంటే, మీరు వెడల్పులో నట్టనడుమ కూర్చున్నారు. మొదటి మోడ్‌కి అక్కడ ఒత్తిడి సున్న.

143 కథ వేరు. స్పీకర్ నుంచి వెనక్కి పోయిన బేస్ గోడకి తగిలి తిరిగొచ్చేసరికి 1.2 మీటర్లు అదనంగా నడుస్తుంది. ఏ తరంగానికైతే ఆ 1.2 మీటర్లు సగం పొడవో, అక్కడ నేరుగా వచ్చేదీ తిరిగొచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 343 ÷ (4 × 0.6) = 143. సోఫా వెనక గోడకీ ఇదే సూత్రం: 343 ÷ (4 × 0.3) = 286. నమ్మకం కుదరకపోతే స్పీకర్లని 20 సెం.మీ. ముందుకు లాగి మళ్ళీ కొలవండి. 143 దగ్గరి గుంట 107కి జారుతుంది.

గుంటలో ఎంత పోసినా నిండదని తరచూ అంటుంటారు. అది సగమే నిజం. మైకు ఉన్న ఆ ఒక్క చోట నిండుతుంది, అందుకే మీ గ్రాఫ్ అంత అందంగా వచ్చింది. కానీ గుంట లేని దిక్కులన్నిటికీ అదే +9 పోతుంది. పక్క సీట్లో అది పొంగు. గది మొత్తంలో 143 చుట్టూ శక్తి ఎక్కువైపోయి మగ గొంతులు డబ్బాలోంచి వచ్చినట్టు వినపడతాయి. పైగా +9 డీబీ అంటే ఆ పౌనఃపున్యంలో యాంప్ ఇవ్వాల్సిన పవర్ 8 రెట్లు. ఇక గుంట 20 డీబీ ఉంటే ఎంత పోసినా బూడిదలో పోసిన పన్నీరే.

చిరుగు శబ్దం కూడా ఈ +9 పుణ్యమే. ఈ రోజుల్లో పాటల్లో చాలావాటి శిఖరాలు డిజిటల్ గరిష్ఠాన్ని ఆనుకునే ఉంటాయి. వాటి మీద 9 డీబీ పెంచితే డ్యాక్‌కి చేరకముందే కోసుకుపోతాయి. యాంప్ వాల్యూమ్ తగ్గించినా లాభం లేదు, చెడిపోయేది అంతకు ముందే. ఈక్వలైజర్ ఏపీఓలో ప్రీయాంప్ లైను (మొత్తం శబ్దాన్ని ముందే తగ్గించే సెట్టింగ్) మీద, మొత్తం ఫిల్టర్ల వంపులో ఎక్కడ ఎంత ఎక్కువ బూస్ట్ ఉందో అంత మైనస్ పెట్టాలి. అసలు బూస్టే లేకపోతే ఈ బెడదే ఉండదు.

ముందు చెయ్యాల్సింది స్పీకర్లని జరపడం. వెనక పోర్టు ఉంది కాబట్టి గోడకి 10 సెం.మీ. వదిలి, మిగతాది వెనక్కి నెట్టెయ్యండి. ముందు ముఖం 38 సెం.మీ. దగ్గరకొస్తుంది, గుంట 226 హెర్ట్జ్‌కి వెళ్తుంది. అంత పైన స్పీకర్ వెనక్కి తక్కువ శబ్దం వదులుతుంది, కాబట్టి గుంట లోతూ తగ్గుతుంది. బదులుగా కింది బేస్ కొంచెం పెరుగుతుంది. పెరిగినదాన్ని కొయ్యడం ఈక్యూకి చాలా తేలిక. తర్వాత సోఫాని గోడ నుంచి లాగి, తల 60 సెం.మీ. దూరంలో ఉండేలా చూసుకోండి.

టేపుకొలత:

స్పీకర్ల సంగతి ఒప్పుకుంటాను గానీ, మంద్రస్థాయి గారూ, సోఫాకి 60 వద్దండీ. వెనక గోడ నుంచి తలకి 60 సెం.మీ. అంటే మళ్ళీ అదే 143. ముందు గుమ్మంలోంచి గెంటినదాన్ని పెరటి గుమ్మంలోంచి పిలిచినట్టవుతుంది.

75 పెట్టండి. గోడ నుంచి దూరాన్ని బట్టి మోడ్ ఒత్తిడి కొసైన్ వంపులో తగ్గుతుంది. 4.2 మీటర్ల పొడవులో రెండో మోడ్‌కి, గోడ నుంచి 1.05 మీటర్ల దగ్గర (నాలుగో వంతు) సున్న. లెక్క వేస్తే 82 హెర్ట్జ్ ఎలా మారుతుందంటే:

- 30 నుంచి 60 సెం.మీ.కి జరిగితే సుమారు 3 డీబీ తగ్గుతుంది
- 75కి జరిగితే సుమారు 6 డీబీ
- 90కి జరిగితే సుమారు 12 డీబీ, అంటే పీకు పోయి గుంట అవుతుంది

41 హెర్ట్జ్ మాత్రం 75 దగ్గర కూడా సుమారు 1 డీబీయే తగ్గుతుంది, దానికి ఈక్యూ తప్పదు. 75 దగ్గర వెనక గోడ గుంట 114 హెర్ట్జ్‌కి వస్తుంది. అది ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు, కానీ స్పీకర్ వెనక గోడ గుంటతో కలవకుండా విడిగా ఉంటే రెండూ లోతుగా ఉండవు. ఇవన్నీ గట్టి గోడలనుకుని వేసిన లెక్కలు. తలుపులు, కిటికీలు, చెక్క అల్మారాలు ఉంటే ఒకటి రెండు డీబీ అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు కొలత. ఒక్క చోట ఒక్క స్వీప్ మీద కరెక్షన్ కట్టకండి. 300 హెర్ట్జ్ పైన మైకు 10 సెం.మీ. జరిగితే గ్రాఫ్ మారిపోతుంది. ఎడమ ఒకసారి, కుడి ఒకసారి, రెండూ కలిపి ఒకసారి, ఇలా మూడు కొలతలు కావాలి. దీనికి మైకుని కదుపుతూ కొలిచే పద్ధతి తేలిక:

- ఆర్‌ఈడబ్ల్యూ జనరేటర్‌లో పీరియాడిక్ పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన పరీక్ష రొద) పెట్టండి. దాని పొడవూ, ఆర్‌టీఏలో (శబ్దాన్ని అప్పటికప్పుడు గ్రాఫ్‌గా చూపే కిటికీ) ఎఫ్‌ఎఫ్‌టీ పొడవూ ఒకటే ఉండాలి (64కే సరిపోతుంది). విండో రెక్టాంగులర్.
- యావరేజింగ్‌ని ఫరెవర్‌లో పెట్టండి.
- శబ్దం తల దగ్గర 75 డీబీ ప్రాంతంలో ఉంటే చాలు. ఫ్యాన్, ఏసీ ఆపండి. 41 హెర్ట్జ్ కొలుస్తుంటే ఫ్యాన్ రొద నేరుగా గ్రాఫ్‌లోకి ఎక్కుతుంది.
- మైకుని తల చుట్టూ ఓ అరమీటరు మేర, చెవి ఎత్తుకి కాస్త పైనా కిందా, ఒక నిమిషం పాటు మెల్లగా తిప్పండి. మీ ఒళ్ళు మైకుకీ స్పీకర్‌కీ మధ్యకి రాకూడదు. మైకుని గబగబా ఊపితే గాలి శబ్దం బేస్‌లా నమోదవుతుంది.

యూమిక్-1కి సీరియల్ నంబరు మీద రెండు క్యాలిబ్రేషన్ ఫైళ్ళు దొరుకుతాయి. మైకు స్పీకర్ల వైపు చూస్తుంటే మామూలుది, పైకప్పు వైపు నిలబెడితే 90 డిగ్రీలది వాడాలి. బేస్‌లో రెండిటికీ తేడా దాదాపు ఉండదు. తేడా తెలిసేది పై స్వరాల్లోనే, ఫైలు తారుమారైతే అక్కడి గ్రాఫ్ అబద్ధం చెబుతుంది.

ఒక హెచ్చరిక: ఇలా తీసిన కొలతలో ఫేజ్ (తరంగం ఏ క్షణంలో ఏ దశలో ఉందన్న సమాచారం) ఉండదు. రేపు సబ్‌వూఫర్ కొని దాని డిలే సరిచూడాలంటే ఒకే చోట మైకు పాతి స్వీప్ తియ్యాల్సిందే, అకౌస్టిక్ టైమింగ్ రిఫరెన్స్ ఆన్ చేసి. యూఎస్‌బీ మైకు గడియారం, డ్యాక్ గడియారం వేరువేరు కాబట్టి అది లేకపోతే డిలే అంకెల్ని నమ్మలేం.

మంద్రస్థాయి:

75 సరైనదే, ఒప్పుకుంటున్నాను. 60 అన్నప్పుడు నేను చూసింది మోడ్ ఒక్కటే.

ఇక మీ మొదటి సందేహం, పై స్వరాలు గుచ్చడం. అది టార్గెట్ తప్పు. కింది పౌనఃపున్యాల్లో గదే రాజు. పైన మాత్రం స్పీకర్ నుంచి నేరుగా వచ్చే ధ్వనిని చెవి విడిగా పట్టుకుంటుంది, గోడల నుంచి వచ్చేదాన్ని వేరే లెక్కలో వేసుకుంటుంది. మైకుకి ఆ తెలివి లేదు, రెండూ కలిపి ఒకే గీత గీస్తుంది. స్పీకర్ పైకి వెళ్ళే కొద్దీ సన్నటి కోణంలో శబ్దం వదులుతుంది కాబట్టి, మంచి స్పీకర్ అయినా గదిలో కొలిస్తే గీత కుడివైపుకి మెల్లగా వాలుతుంది. ఆ వాలుని పైకెత్తి చదును చేస్తే నేరుగా వచ్చే ధ్వనిలోనే ట్రెబుల్ ఎక్కువైనట్టు. మీ చెవిలో గుచ్చుతున్నది అదే.

గది రాజ్యం ఎక్కడ ముగుస్తుందో సుమారుగా తెలుసుకోవడానికి: 2000 × వర్గమూలం(ప్రతిధ్వని కాలం ÷ ఘనపరిమాణం). మీ గది 41.4 ఘనపు మీటర్లు. ప్రతిధ్వని కాలం 0.5 సెకన్లు అనుకుంటే 220 హెర్ట్జ్ వస్తుంది. కాబట్టి 300 దాటి ఆటో ఈక్యూని ముట్టుకోనివ్వకండి. పైన ఏదైనా మార్చాలనిపిస్తే ఒకటి రెండు డీబీల వెడల్పాటి షెల్ఫ్ ఫిల్టర్ (ఒక హద్దు దాటాక అంతా సమానంగా పెంచేది లేదా తగ్గించేది), అదీ చెవితో విని.

ఆర్‌ఈడబ్ల్యూ ఈక్యూ కిటికీలో నా మాట ఇది:

- ముందు కొలతకి వేరియబుల్ స్మూతింగ్ వెయ్యండి.
- మ్యాచ్ రేంజ్ 30 నుంచి 300. మీ ఆరున్నర అంగుళాల వూఫర్‌ని 30 కింద ఏమీ అడగొద్దు.
- ఇండివిడ్యువల్ మ్యాక్స్ బూస్ట్ 0, ఓవరాల్ మ్యాక్స్ బూస్ట్ 0.
- టార్గెట్ చదునుగా వద్దు. 200 హెర్ట్జ్ నుంచి కిందికి దిగే కొద్దీ 4, 5 డీబీ పైకి లేచేలా పెట్టండి. పాటలో ఒళ్ళు లేదన్నారే, అది తిరిగొచ్చేది ఇక్కడే.
- టార్గెట్ లెవెల్‌ని ఆటోకి వదలకుండా, 300 నుంచి 1000 దాకా గీత ఉన్న ఎత్తుకి చేత్తో పెట్టండి. అది 3 డీబీ కిందికుంటే ప్రోగ్రాం బేస్ అంతా కోసేస్తుంది.

ఇలా చేస్తే 17 ఫిల్టర్లు పోయి మూడో నాలుగో మిగులుతాయి. 41 దగ్గరిది జాగ్రత్తగా చూసుకోండి. క్యూ విలువ (ఫిల్టర్ ఎంత ఇరుకో చెప్పే అంకె) పీకు వెడల్పుకి సరిపోవాలి. సరిపోతే పీకుతో పాటు దాని వెనక సాగే మోత కూడా తగ్గుతుంది, ఎందుకంటే ఒంటరి మోడ్ మినిమమ్ ఫేజ్ వ్యవహారం, అంటే ఎత్తు సరిచేస్తే మోత కూడా దానంతటదే సరవుతుంది. మరీ వెడల్పు పెడితే 35, 48 చుట్టూ ఉన్న మంచి బేస్ కూడా పోతుంది. క్యూ 6, 7 దగ్గర మొదలుపెట్టి, ఫిల్టర్ వేశాక వాటర్‌ఫాల్‌లో (శబ్దం ఎలా ఆరిపోతుందో చూపే గ్రాఫ్) 41 తోక పొట్టి అయిందో లేదో చూడండి. ఆర్‌ఈడబ్ల్యూ చూపే అంచనా గీతతో సరిపెట్టుకోకుండా ఫిల్టర్లు నడుస్తుండగా మళ్ళీ కొలవాలి.

ట్యాప్‌లెక్క:

3, 4 సందేహాలు నాకు వదిలెయ్యండి.

ఈక్వలైజర్ ఏపీఓ విండోస్ ఆడియో దారి మధ్యలో కూర్చుంటుంది. బ్రౌజర్ శబ్దం ఆ దారినే వెళ్తుంది. మీ ప్లేయర్ వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లోనో ఏసియో మీదో ఉండుంటుంది. ఆ రెండూ దాన్ని తప్పించుకుని నేరుగా డ్యాక్‌కి పోతాయి. ప్లేయర్ సెట్టింగ్స్‌లో షేర్డ్ మోడ్‌కి మార్చండి. ఎక్స్‌క్లూజివే కావాలంటే ప్లేయర్‌లోనే కన్వల్షన్ (ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్ నడిపే పద్ధతి) లేదా పారామెట్రిక్ ఈక్యూ (చోటు, ఎత్తు, వెడల్పు మనమే ఇచ్చే ఫిల్టర్లు) ఉన్నదాన్ని ఎంచుకోవాలి. అప్పుడు రెండు చోట్లా ఒకే కరెక్షన్ పడకుండా చూసుకోండి. డ్యాక్ డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక కరెక్షన్ ఉన్నట్టుండి మాయమైతే, ఈక్వలైజర్ ఏపీఓలో డివైజ్‌లు ఎంచుకునే కిటికీ తెరిచి ఆ డివైజ్‌కి మళ్ళీ టిక్ పెట్టి కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్యండి.

ఎఫ్‌ఐఆర్ మంత్రం కాదు. దాని చూపు ఎంత నిశితమో శాంపుల్ రేటుని ట్యాపుల (ఫిల్టర్‌లోని అంకెల) సంఖ్యతో భాగిస్తే తెలుస్తుంది. 48,000కి 4,096 ట్యాపులైతే 11.7 హెర్ట్జ్ మెట్లు. మీ 41 హెర్ట్జ్ పీకు మొత్తం వెడల్పే ఆరేడు హెర్ట్జ్, అది ఆ మెట్ల మధ్య ఇరుక్కుపోతుంది. మినీడీఎస్‌పీ 2×4 హెచ్‌డీ లాంటి పెట్టెలో ఒక ఛానెల్‌కి 2,048 ట్యాపులే గరిష్ఠం, అదీ 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే 47 హెర్ట్జ్ మెట్టు. అలాంటి చోట బేస్ పనికి దానిలోని మామూలు పారామెట్రిక్ ఫిల్టర్లే మేలు. కంప్యూటర్‌లో 65,536 ట్యాపులు నడపొచ్చు, మెట్టు 0.73 హెర్ట్జ్‌కి దిగుతుంది. కానీ లీనియర్ ఫేజ్ (అన్ని స్వరాలనీ ఒకే సమయం ఆలస్యం చేసే) ఫిల్టర్ అయితే ఆలస్యం అందులో సగం, అంటే 0.68 సెకన్లు. సినిమాలో పెదవులు ఒకచోట, మాటలు ఒకచోట. పైగా ఇరుకు బేస్ ఫిల్టర్‌ని లీనియర్ ఫేజ్‌లో వేస్తే దెబ్బ పడకముందే మోత మొదలవుతుంది. చెవి దాన్ని అస్సలు క్షమించదు. మినిమమ్ ఫేజ్ ఎఫ్‌ఐఆర్‌కి ఈ రెండు గొడవలూ లేవు గానీ, అప్పుడు మంద్రస్థాయి గారు చెప్పిన నాలుగు ఫిల్టర్లు చేసే పనే అదీ చేస్తుంది.

ఎప్పుడైనా కన్వల్షన్‌కి వెళ్తే శాంపుల్ రేటు మర్చిపోవద్దు. 48,000కి చేసిన ఇంపల్స్ (ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్) ఫైలుని అలాగే 44,100లో నడిపితే ఫిల్టర్లన్నీ 8 శాతం కిందికి జారుతాయి. 41 దగ్గర కొయ్యాల్సింది 37.7 దగ్గర కోస్తుంది. పీకు అలాగే ఉంటుంది, పక్కన కొత్త గుంట పడుతుంది. ఈక్వలైజర్ ఏపీఓ పారామెట్రిక్ ఫిల్టర్లకి ఈ తంటా లేదు, రేటు మారితే అవే లెక్క మార్చుకుంటాయి.

కొత్తచెవి:

స్పీకర్లు వెనక్కి జరిపి, తల 75 దగ్గర ఉండేలా సోఫా లాగి కొలిచాను. రెండూ కలిపి: 41 దగ్గర +9 అలాగే ఉంది, 82 దగ్గర +3, 143 గుంట లేదు. 114 దగ్గర 5 డీబీ, 226 దగ్గర 4 డీబీ గుంటలున్నాయి. ప్లేయర్ షేర్డ్ మోడ్‌లో పనిచేస్తోంది. విడివిడిగా కొలిస్తే ఒక తేడా కనపడింది: 100 హెర్ట్జ్ దగ్గర ఎడమది +6, కుడిది +1. కుడి వైపు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఫిల్టర్ ఎడమకి మాత్రమే వెయ్యాలా, రెండిటికీనా? 82 దగ్గర 6 తగ్గాల్సింది 4 మాత్రమే తగ్గింది, అదెందుకు?

టేపుకొలత:

82 సంగతి: సోఫా వల్ల 6 తగ్గింది, స్పీకర్లు గోడకి దగ్గరవడంతో ఆ మోడ్‌ని ఇంకాస్త గట్టిగా మోగిస్తున్నాయి, అక్కడ రెండున్నర తిరిగొచ్చింది. లెక్క సరిపోయినట్టే. ఆ మిగిలిన 3కి ఒక ఫిల్టర్ చాలు. 114, 226 గుంటల జోలికి పోకండి.

100 హెర్ట్జ్ అంటే 3.4 మీటర్ల వెడల్పుకి రెండో మోడ్. మధ్యలో కూర్చున్నవాళ్ళకి మొదటిది వినపడదు గానీ రెండోది నిండుగా వినపడుతుంది. దాని సున్న పక్క గోడ నుంచి 85 సెం.మీ. దగ్గర. ఫిల్టర్ వెయ్యకముందు స్పీకర్లు రెండిటినీ 10 సెం.మీ. లోపలికి జరిపి, పక్క గోడకి 70 చెయ్యండి. లెక్క ప్రకారం 4 డీబీ దాకా తగ్గాలి. పూర్తిగా 85కి వెళ్తే స్పీకర్ల మధ్య 1.7 మీటర్లే మిగిలి స్టీరియో ఇరుకవుతుంది, 70 దగ్గర 2 మీటర్లు ఉంటుంది.

మంద్రస్థాయి:

అది చేశాక ఇంకా తేడా మిగిలితే ఎడమకి మాత్రమే వెయ్యండి. 300 కింద ఛానెల్‌కి వేరే ఫిల్టర్ ఉండొచ్చు, పైన ఉంటే గాయకుడు మధ్యలోంచి పక్కకి జరుగుతాడు. అయితే 41, 82 ఫిల్టర్లు రెండిటికీ ఒకటే పెట్టండి. బేస్ వాయిద్యాలు చాలావరకు రెండు ఛానెళ్ళలోనూ సమానంగా ఉంటాయి కాబట్టి మీకు వినపడేది రెండిటి మొత్తం. ఫిల్టర్లు వేరైతే ఫేజ్ కూడా వేరవుతుంది, విడిగా చక్కగా ఉన్న రెండు గీతలు కలిసినప్పుడు గుంట పడొచ్చు. చివరి కొలత ఎప్పుడూ రెండూ మోగిస్తూ తియ్యండి.

తలుపు తెరిచి ఉన్నప్పుడూ మూసినప్పుడూ ఒక్కొక్కటి కొలిచి ఉంచుకోండి. మూసినప్పుడు 41 పీకు చోటు గానీ ఎత్తు గానీ మారితే ఫిల్టర్‌ని రెండిటి మధ్యకి సర్దాలి.

ట్యాప్‌లెక్క:

ఫిల్టర్లు ఆన్, ఆఫ్ చేసి పోల్చేటప్పుడు లెవెల్ సమానం చేసుకోండి. అన్నీ కోతలే కాబట్టి ఆన్‌లో ఉన్నప్పుడు శబ్దం తగ్గుతుంది, ఎక్కువ శబ్దం ఉన్నదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది. ఈక్వలైజర్ ఏపీఓలో రెండు కాన్ఫిగరేషన్లు పెట్టుకుని, పింక్ నాయిస్‌ని 500 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య కొలిచి, రెండూ అర డీబీ లోపు వచ్చేలా ఆఫ్ వైపు ప్రీయాంప్ సర్దండి. పోల్చడానికి ఒకే పాటలో బేస్ గిటార్ ఒక్కో మెట్టే దిగే భాగం దొరికితే మంచిది. 41 హెర్ట్జ్ అంటే నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ మోగే స్వరం. ఫిల్టర్ సరిగ్గా పడితే ఆ స్వరం మిగతావాటికంటే ఉబ్బి రాదు, వాయించడం ఆపగానే ఆగుతుంది.